ఎనిమిది గంటల ఆవులు

ఆ సోమవారం పొద్దున పెట్టె సర్దుకుంటూ థోరా క్వామ్మె వేసుకున్న పథకం చాలా చిన్నది. వాల్డెన్‌బర్గ్ వ్యవసాయ కళాశాలకు వెళ్ళాలి, హాస్టల్ గదిలో మంచమెక్కాలి, మర్నాడు ఎనిమిదింటిదాకా దిగకూడదు. ఆవిడకు పెళ్ళయి ఇరవై రెండేళ్ళయింది. ఈ ఇరవై రెండేళ్ళలో పొద్దున నాలుగున్నర దాటి పడుకున్నది రెండేసార్లు. రెండుసార్లూ కాన్పులే కాబట్టి వాటిని విశ్రాంతి కింద ఎవరూ జమకట్టరు.

కళాశాలవాళ్ళు ఆ ఏడే, అంటే పంతొమ్మిది వందల యాభై నాలుగు జూన్‌లో, ఈ సెలవు వారం మొదలుపెట్టారు. విద్యార్థులు పరీక్షలు రాసి ఇళ్ళకు పోయాక ఖాళీ పడ్డ హాస్టల్‌లో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రపు పల్లెల ఇల్లాళ్ళను ఐదు రోజులు ఉంచి, నాలుగు మంచి మాటలు చెప్పి పంపడం. వంట లేదు, అంట్లు లేవు అని కరపత్రంలో వేశారు. మొగుడు లేడు అని వెయ్యలేదు గాని అందరూ చదువుకున్నది అదే.

థోరా మొగుడు సెల్మర్ ఆవిణ్ణి బస్సు దగ్గర దింపుతూ చెప్పవలసింది చెప్పాడు.

"వెళ్తే వెళ్ళు, నేను కాదన్నానా? కానీ మన ఆవులు నీ చెయ్యి తప్ప ఇంకో చెయ్యి ఎరగవు. నువ్వొచ్చేలోపు పాలు తగ్గాయనుకో, వచ్చే ఏడు ఈ సెలవు మాట నా దగ్గర ఎత్తకు."

"నాలుగున్నరకి లేచి పితికితే ఎందుకు తగ్గుతాయి?"

"ఆ వేళ పెట్టింది మా నాన్న. నాకు చెప్తావేంటి?"

వేళ తప్పితే ఆవు పొదుగు ఎండిపోతుందని మామగారు పోయేముందు చెప్పిన మాట ఆ ఇంట్లో బైబిలు పక్కన ఉండేది. బైబిలైనా అప్పుడప్పుడు మూసేవారు. మామగారి మాటను బతికించడానికి రోజూ నాలుగున్నరకు లేచి, పొయ్యి వెలిగించి, కాఫీ కాచి, సెల్మర్‌ని మూడుసార్లు కుదిపి లేపేది మాత్రం థోరా.

హాస్టల్‌లో థోరా గదిలోకి పొరుగు పొలం ఒర్ఫా లుండ్ వచ్చి పడింది. ఒర్ఫా మనిషి భారీ, గొంతు ఇంకా భారీ. నలభై మంది ఆడవాళ్ళూ సర్దుకున్నాక సాయంత్రం ఐదింటికి మిస్ పెన్నిమన్ కాఫీ బండి తోసుకుంటూ వచ్చింది. ఈ సెలవు వారం ఆలోచన ఆమెదే. బోస్టన్ నుంచి వచ్చి మూడేళ్ళయింది, పెళ్ళి కాలేదు, పల్లెటూరి ఆడవాళ్ళంటే ప్రాణం పెడుతుంది. వాళ్ళను దగ్గరగా చూడటం మాత్రం ఆ రోజే మొదలు. ఒక్క ఫిర్యాదు వచ్చినా మళ్ళీ ఈ వారం జరగదని కళాశాల అధ్యక్షుడు రాసి ఇచ్చిన కాగితం ఆమె చేతిసంచిలోనే ఉంది.

"కాఫీ తీసుకుంటారా అండీ?"

"అబ్బే, వద్దండీ. మీకెందుకు శ్రమ," అంది ఒర్ఫా.

"నాకూ వద్దండీ. ఇప్పుడే తాగాం," అంది పొద్దున్నుంచీ కాఫీ చుక్క ఎరగని థోరా.

నార్వేనుంచి తాతలు తెచ్చుకున్న మర్యాద అది. థోరా వాళ్ళ ఊరు ఎల్క్ క్రీక్ చుట్టుపక్కల ఇంగితమున్న మనిషెవరూ మొదటిసారి అడిగితే కాఫీ పుచ్చుకోరు. రెండోసారీ వద్దంటారు. మూడోసారి, మరీ బలవంతపెట్టారు కాబట్టి, అరకప్పు చాలంటారు. ఆ తర్వాత మూడు కప్పులు తాగుతారు. బోస్టన్‌లో వద్దంటే వద్దనే అర్థమట. మిస్ పెన్నిమన్ ఇరవై గదుల ముందూ ఆగి, నలభై సార్లు వద్దనిపించుకుని, బండి వెనక్కి తోసుకుపోయింది. తోసుకుపోయి, పల్లెటూరి ఆడవాళ్ళకు కాఫీ అలవాటు లేదని పుస్తకంలో రాసుకుని, ఐదు రోజులపాటు ఫలహారంలో కాఫీ తీసేసి పళ్ళరసం పెట్టించింది. అంతా అక్కడినుంచే చెడింది.

మర్నాడు పొద్దున థోరాకు మెలకువ వచ్చేసరికి గోడ గడియారం నాలుగున్నర చూపిస్తోంది. కళ్ళు గట్టిగా మూసుకుంది. అటు తిరిగింది, ఇటు తిరిగింది. ఒంట్లో ఎక్కడో సెల్మర్ నాన్న కూర్చుని లే లే అంటున్నాడు. ఆవిడకు ఏడుపొచ్చినంత పనయింది. ఇంత దూరం వచ్చి, ఇంత మెత్తటి పరుపెక్కి, ఆ ముసలాయన్ని కూడా వెంటబెట్టుకు రావాలా అనుకుంది.

పక్క మంచం మీద ఒర్ఫా నైట్‌గౌను మీద టోపీ పెట్టుకుని కూర్చుని ఉంది.

"లేచావా? నేను నాలుగింటినుంచీ ఇలాగే. తల పగిలిపోతోందే."

"కాఫీ లేకే."

"టోపీ పెట్టెలో కాఫీపొడి తెచ్చా. గుడ్లూ తెచ్చా. బోస్టన్ మనిషి మనలాగా పొడిలో గుడ్డు కలిపి కాస్తుందని నాకు నమ్మకం లేదు. పాలే లేవు."

"కింద వంటగదిలో ఉండవూ?"

"చూశా. తాళం లేదు గానీ ఏమీ లేదు. పొయ్యి ఉంది, ఎలుకల బోను ఉంది."

చెంబెడు పాల కోసం ఇద్దరూ చెప్పులు చేత్తో పట్టుకుని నడవాలోకి వచ్చారు. అక్కడ ఇంకో పదకొండు మంది చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నారు. తక్కినవాళ్ళ నిద్ర పాడవుతుందని ఒక్కరూ దీపం వెయ్యలేదు. పదమూడు మంది నైట్‌గౌనుల్లో మెట్లు దిగి బయటపడగానే హాస్టల్ వెనకనుంచి ఒక ఆవు అరిచింది.

ఆవు ఏ కారణానికైనా అరుస్తుంది. అడుగుల చప్పుడైతే మేత వస్తోందనుకునీ అరుస్తుంది. కానీ ఐదు కావస్తుండగా కొట్టంలో ఆవు అరిస్తే, పక్కన మనిషి అలికిడి లేకపోతే, ఆ పదమూడు మందికీ తోచే అర్థం ఒక్కటే. కొట్టం ముందు తలుపు మీద 'ప్రయోగం జరుగుతున్నది, ఎవరూ ప్రవేశించరాదు' అని బారెడు బోర్డు ఉంది. పొలం ఆడవాళ్ళు కొట్టంలోకి ఎప్పుడూ పేడ ఎత్తే తలుపు గుండానే వెళ్తారు. అలాగే వెళ్ళారు.

లోపల పన్నెండు ఆవులు. పన్నెండు పొదుగులూ నిండుగా ఉన్నాయి.

"పాపం," అంది థోరా.

"కాపలా కుర్రాళ్ళు నిద్రపోయుంటారు. పరీక్షలు రాసి అలిసిపోయారేమో," అంది ఎవరో.

"పై వాళ్ళకి తెలిస్తే వాళ్ళ పని పోతుంది," అంది ఒర్ఫా. "మా పెద్దాడి ఈడువాళ్ళు. ముక్కాలిపీటలెక్కడ?"

మూలనున్న పాలు పితికే యంత్రాన్ని ఎవరూ పట్టించుకోలేదు. గంటలో పన్నెండు ఆవులనూ పితికేశారు. కొత్త చేతులైనా ఆవులు హాయిగా చేపాయి. పేడ ఎత్తారు, నేల కడిగారు, పీటలు తుడిచి ఎక్కడివక్కడ పెట్టారు. చెంబెడు పాలకని వచ్చినవాళ్ళ ముందు ఆరు క్యాన్లు నిలబడ్డాయి. పాలు పారబొయ్యడం ఆ పదమూడు మందిలో ఎవరికీ చేతకాదు, కాబట్టి మోసుకొచ్చి హాస్టల్ కింది వంటగదిలో పొయ్యి వెలిగించారు. అందరూ తలా నాలుగు కప్పుల కాఫీ తాగారు. దాల్చినచెక్క వేసి పాలల్లో బియ్యం ఉడికించుకు తిన్నారు. మిగిలిన పాలు విరగ్గొట్టి, దిండు గలీబుల్లో కట్టి, స్నానాలగదుల్లో తెరలు వేలాడే గొట్టాలకు జున్ను కోసం వేలాడదీశారు. ఆ తర్వాత మెల్లిగా మంచాలెక్కి, ఎనిమిదింటికి మిస్ పెన్నిమన్ గంట కొడితే ఆవులించుకుంటూ లేచారు.

"ఎంత తాజాగా ఉన్నారో," అని మిస్ పెన్నిమన్ మురిసిపోయింది. "విశ్రాంతి అంటే ఇదీ."

సరిగ్గా అదే వేళకు ప్రొఫెసర్ ఆష్‌క్రాఫ్ట్ కొట్టం ముందు తలుపు తీసుకుని వచ్చాడు. ఆ పన్నెండు ఆవులూ ఆయనవి. తెల్లవారకముందే లేవడం అనాగరికమని ఆయన సిద్ధాంతం. పొద్దున ఎనిమిదింటికి, రాత్రి ఎనిమిదింటికి పితికినా ఆవు అంతే పాలిస్తుందని నిరూపించి, రైతు కుటుంబాలకు మూడు గంటల నిద్ర ఇప్పించాలని ఆరు వారాలుగా కష్టపడుతున్నాడు. స్వయంగా ఆయన పుట్టి బుద్ధెరిగాక ఏడున్నరకు ముందు లేచిన పాపాన పోలేదు కాబట్టి అది మనసు పెట్టి చేస్తున్న పనే. ఆరు వారాలూ గోడ మీది చార్టులో పాల గీత తిన్నగా నడిచింది. ఆ మంగళవారం ఈ పని కోసం ఇళ్ళకు పోకుండా ఆగిన విద్యార్థులు యంత్రం పెడితే ఆవుకు సేరు పాలు కూడా రాలేదు. గీత గోడ దిగి నేలకు వచ్చింది.

ఆయన దాణా మార్పించాడు.

బుధవారం పొద్దున పదహారు మంది వెళ్ళారు. కుర్రాళ్ళు ఆ రోజూ లేవలేదు మరి. వాళ్ళ గుట్టు కాపాడాలని అందరూ ఒట్టు వేసుకున్నారు. ఎనిమిదింటికి ప్రొఫెసర్‌కు అరసేరు వచ్చింది. ఆయన పశువైద్యుణ్ణి పిలిపించాడు. పశువైద్యుడు జబ్బు తెలియక, తెలియనప్పుడు పశువైద్యులందరూ చేసేదే చేశాడు, పన్నెండు ఆవులకూ భేదిమందు పట్టించాడు.

"ఈ పిల్లలు వీటికేం పెడుతున్నారో ఏమో తల్లీ," అంది ఒర్ఫా గురువారం పొద్దున, చీలమండల దాకా వచ్చినదాంట్లో నిలబడి. "మనం గనక రాకపోతే వీటి గతేంటి?"

ఆ పొద్దున ఇరవై రెండు మంది కడిగినా గంటన్నర పట్టింది.

తక్కిన వేళల్లో చదువు సాగుతూనే ఉంది. ఎనిమిది మందిని కన్న ఆవిడ చేత రబ్బరు బొమ్మకు స్నానం చేయించారు. వంటింట్లో అడుగులు తగ్గించుకోవడం ఎలాగో చెప్పడానికి వచ్చిన ఒకాయన గంటలో గది నాలుగు వైపులా నాలుగు వందల అడుగులు వేశాడు. మధ్యాహ్నం రెండింటికి విశ్రాంతి తరగతి. అందరూ చాపల మీద వెల్లకిలా పడుకుని, కళ్ళు మూసుకుని, విశ్రాంతి ఎలా తీసుకోవాలో వినాలి. ఐదో నిమిషానికల్లా సగంమంది గుర్రుపెట్టేవారు. పాఠం బాగా పడుతోందని మిస్ పెన్నిమన్ రాసుకుంది. హాస్టల్‌లో ఏదో పులిసిన వాసన వస్తోందనీ, దిండు గలీబులు పంతొమ్మిది కనపడటం లేదనీ కూడా ఆ కిందనే రాసుకుంది.

గురువారం సాయంత్రం నాలుగింటికి వారం మొత్తానికీ పెద్ద ఉపన్యాసం. 'ఎనిమిది గంటల ఆవు' అని నెల కిందటే కరపత్రంలో వేశారు. థోరా ఆ వారానికి పేరివ్వడానికి అదీ ఒక కారణం. వేదిక మీదికి వచ్చిన ప్రొఫెసర్ ఆష్‌క్రాఫ్ట్ మూడు రోజులుగా గడ్డం గీసుకోలేదు.

"అమ్మలారా, మీకు మంచి కబురు చెప్దామనుకున్నాను," అన్నాడాయన. "కుదరలేదు. ఎనిమిదింటికి పితికితే ఆరు వారాలు బాగానే ఉంటుంది. ఏడో వారం పొద్దుటి పాలు హఠాత్తుగా పోతాయి. ఎందుకో నాకు తెలీదు. తెల్లవారకముందే పితకాలని మీ పెద్దవాళ్ళు చెప్పిందే నిజమనుకుంటా. రేపు మధ్యాహ్నం అధ్యక్షుల వారికి అదే రాసిస్తున్నాను. రాష్ట్రంలో ప్రతి పాడి ఇంటికీ ఆ కాగితం అచ్చువేసి పంపుతారు."

  ఆ కాగితం తన వంటింటి గోడకు, మామగారి బొమ్మ పక్కన, సెల్మర్ మేకు కొట్టి తగిలించడం థోరాకు కళ్ళకు కట్టినట్టు కనిపించింది. తను చచ్చేదాకా నాలుగున్నరే. ఆవిడ లేచింది.

ఒర్ఫా గౌను పట్టుకుని లాగింది. "కూర్చోవే. నువ్వు నోరు తెరిచావంటే ఈ సెలవు మూసేస్తారు. ఆ పెన్నిమన్ పిల్ల ఉద్యోగం కూడా పోతుంది."

"మూసేస్తే మూసేస్తారు," అంది థోరా. తర్వాత వేదికవైపు తిరిగింది. "అయ్యా, మీ ఆవులకేం కాలేదండి. పొద్దున్నే మేం పితికేస్తున్నాం."

ప్రొఫెసర్ కళ్ళద్దాలు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు. "ఎవరు?"

వరసలవారీగా తక్కిన ఇరవై ఒక్కమందీ లేచి నిలబడ్డారు.

"ఎప్పటినుంచి?"

"మంగళవారం నుంచండి."

"కానీ ఎందుకమ్మా?"

"ఎవరూ లేవలేదండి మరి."

మిస్ పెన్నిమన్ మెల్లగా అడిగింది. "అసలు ఆ వేళకి మీరెందుకు బయటికి వెళ్ళారు?"

"కాఫీలోకి పాల కోసమండి."

"మీరెవరూ కాఫీ తాగరు కదా?"

నలభై మందీ తల దించుకున్నారు. మూడుసార్లు అడగాలని ఒక మనిషికి ఎలా చెప్పాలో ఆ హాలులో ఎవరికీ తోచలేదు. చివరికి ఒర్ఫానే చెప్పింది, దిండు గలీబుల సంగతితో సహా. మిస్ పెన్నిమన్ పుస్తకం తీసి, సోమవారం పేజీ చూసుకుని, మూసేసింది. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. థోరాకు అదే భరించలేనంత అయింది.

శుక్రవారం తొమ్మిదింటికల్లా, సంగతంతా విన్న అధ్యక్షుడి ఉత్తర్వు వచ్చింది. ప్రయోగం పాడు, ఆవులు నీరసం, స్నానాలగదులు కంపు, వచ్చే ఏడు సెలవు వారం లేదు. పది గంటలకు హాస్టల్ మెట్ల ముందు మొగుళ్ళ ట్రక్కులు వచ్చి ఆగాయి. సెల్మర్ దిగుతూనే ఛాతీ విరుచుకున్నాడు. థోరా పెట్టె పట్టుకుని అతని ముఖం చూసింది. ఇక్కడ ఎలాగూ పోయింది, ఇంట్లో పాలు కూడా తగ్గి ఉంటే ఇరవై రెండేళ్ళపాటు వినాలి.

"పాలెలా ఉన్నాయి?"

"ఎలా ఉంటాయి? రోజుకి ఎన్ని క్యాన్లో అన్నే. గరిటెడు కూడా తగ్గలా," అన్నాడు సెల్మర్, మెట్లమీద ఉన్నవాళ్ళందరికీ వినపడేలా. నువ్వు లేకపోయినా నడుస్తుందని చెప్పే అవకాశం ముందు, నువ్వు లేకపోతే నడవదని పందెం వేసిన సంగతి అతనికి గుర్తు లేదు.

పక్కనే తన చార్టులు చుట్టుకుంటున్న ప్రొఫెసర్ తల ఎత్తాడు. పాపం, అలవాటు కొద్దీ అడిగాడు. "మీరు ఏ వేళకి పితుకుతారండీ?"

"నాలుగున్నర. మా నాన్న పెట్టిన వేళ."

"అబద్ధం," అంది ఒర్ఫా.

సెల్మర్ అటు తిరిగాడు. ఎల్క్ క్రీక్‌లో పదకొండు ఇళ్ళకూ కలిపి ఒకటే టెలిఫోను తీగ. ఎవరింట్లో గంట మోగినా పదకొండు ఇళ్ళలో ఫోను ఎత్తి వింటారు. ఒర్ఫా రోజూ సాయంత్రం హాస్టల్ ఫోనులో ఇంటికి మాట్లాడేది.

"మీ కొట్టంలో ఎనిమిదిదాకా అలికిడే ఉండట్లేదని మా ఆయన చెప్పాడు. మంగళవారం నుంచీ పాల లారీ మీ గుమ్మంలో హారను కొట్టుకుంటూ నిలబడుతోందట. నువ్వు బనీనుతో పరిగెత్తుకొస్తున్నావట."

"లేపేవాళ్ళు లేకపోతే నేనేం చెయ్యను?" అన్నాడు సెల్మర్, చెవులు ఎర్రబడగా.

"ఎనిమిదింటికా?" ప్రొఫెసర్ చేతిలో చార్టులు కిందపడ్డాయి. "నాలుగు రోజులూ ఎనిమిదింటికేనా? మరి సాయంత్రం?"

"సాయంత్రమూ ఎనిమిదే. వంట చేసుకోవద్దూ? ఒక్క బంగాళాదుంప ఉడకడానికి ఎంతసేపు పడుతుందో మీకు తెలుసా?"

"ఎన్ని ఆవులు?"

"పద్నాలుగు."

"పాలు తగ్గలేదా?"

"చెప్పాగా, గరిటెడు కూడా తగ్గలేదని."

ప్రొఫెసర్ ఆష్‌క్రాఫ్ట్ సెల్మర్ రెండు చేతులూ పట్టుకుని ఊపేశాడు. తర్వాత చార్టులు కూడా ఏరుకోకుండా అధ్యక్షుడి గదివైపు పరిగెత్తాడు. ఆయన పరిగెత్తడం ఆ కళాశాలలో ఎవరూ చూసి ఎరగరు. అరగంటలో ఆయాసపడుతూ తిరిగొచ్చాడు. నిజమైన పొలంలో, నిజమైన రైతు చేత, ఎవరూ చెప్పకుండా జరిగిన పరీక్ష ఇది. సెల్మర్ కొట్టంలో వసంతం దాకా నడవాలి. ఇంకో నలభై పొలాల్లో కూడా చూడాలి. కానీ ఆడవాళ్ళు ఇంట్లో ఉంటే ఈ పరీక్ష జరిగే ఆశ లేదని, కాబట్టి ఏటా జూన్‌లో వాళ్ళను ఐదు రోజులు ఎక్కడైనా దాచిపెట్టక తప్పదని అధ్యక్షుడికి నచ్చజెప్పాడట.

మిస్ పెన్నిమన్ చప్పున కళ్ళు తుడుచుకుని పుస్తకం తెరిచింది. నేరుగా థోరా ముందుకు వచ్చి నిలబడింది.

"క్వామ్మె గారూ, వచ్చే జూన్‌లో వస్తారా?"

 అబ్బే, మీకెందుకు శ్రమ, అనే మాట థోరా నాలుక చివరిదాకా వచ్చింది. నలభై ఆరేళ్ళుగా ఆ నోటికి మొదటిసారి అడిగితే మరో మాట రాలేదు. ఆవిడ సెల్మర్‌ను చూసింది, బోస్టన్ మనిషి చేతిలో పెన్సిల్ని చూసింది.

"వస్తాను," అంది. "కాఫీ కూడా తాగుతాను."

ట్రక్కు పది మైళ్ళు పోయింది.

"ఇరవై రెండేళ్ళు, సెల్మర్," అంది థోరా చివరికి.

సెల్మర్ రోడ్డునే చూస్తూ, "మా నాన్న చెప్పాడు," అన్నాడు.

"మీ నాన్నని లేపింది ఎవరు?"

సెల్మర్ గేరు మార్చాడు. "మా అమ్మ," అన్నాడు. 

మర్నాడు పొద్దున నాలుగున్నరకు థోరాకు మెలకువ వచ్చింది. ఒక కాలు మంచం దింపి, నేల చల్లగా ఉందని చూసుకుని, ఆ కాలు మళ్ళీ దుప్పట్లోకి లాక్కుంది. అంత సుఖం ఆవిడ తన పెళ్ళినాడు కూడా ఎరగదు.

ప్రొఫెసర్ ఆష్‌క్రాఫ్ట్ పత్రం మరుసటి వసంతంలో అచ్చయింది. 'అసాధారణమైన నిగ్రహంతో రోజూ ఎనిమిది గంటల దాకా నిద్రించిన' సెల్మర్ క్వామ్మె గారికి అందులో ప్రత్యేక కృతజ్ఞతలున్నాయి. థోరా పేరు ఎక్కడా లేదు. అందుకు ఆవిడ నొచ్చుకోలేదు, ఆ పత్రం తొమ్మిదింటి టపాలో వచ్చేసరికి ఆవిడ ఇంకా నిద్ర లేవలేదు.